మా మేడ మీద గదిలో రికార్డు మోగడానికి పట్టిన ఎనిమిది నెలలు

నాన్న పోయిన రెండేళ్ళకి, 2024 సంక్రాంతి నాడు, ఆయన ట్రంకు పెట్టె తెరిచాం. తాళంచెవి అమ్మ బీరువాలోనే ఉండేది. ఇన్నాళ్ళూ ఆవిడ తియ్యలేదు, నేనూ అడగలేదు. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన. పాత పేపర్లలో చుట్టిన 58 పెద్ద ఎల్‌పీ రికార్డులు, నిమిషానికి 45 చుట్లు తిరిగే 14 చిన్న రికార్డులు, అన్నిటికన్నా అడుగున తువ్వాలులో చుట్టిన 9 లక్క రికార్డులు. ప్రతి కవరు వెనకా నాన్న చేతిరాత ఉంది. కొన్న తేదీ, ఊరు, ధర. ఎక్కువగా బరంపురం, విజయనగరం. ఒకటి రెండింటి మీద కలకత్తా. ఘంటసాల, బాలమురళి, చిట్టిబాబు వీణ, నాలుగైదు అక్షయ మహంతి ఒడియా పాటలు. ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి ఇళ్ళలో రెండు భాషల పాటలూ ఒకే పెట్టెలో ఉండటం మామూలే.

నాన్న ప్లేయర్ నేను హైస్కూల్లో ఉండగానే పాడైపోయింది. ఆయన మళ్ళీ కొనలేదు. రికార్డులు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఏటా వర్షాలు వెళ్ళాక ఒక్కొక్కటే తీసి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టేవారు. ఆ దృశ్యం నాకు బాగా గుర్తుంది. అందుకే వీటిని వినిపించకుండా అలా వదిలేయడానికి మనసొప్పలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఆన్‌లైన్లో రూ. 4,300 పెట్టి ఒక సూట్‌కేసు ప్లేయర్ తెప్పించాను. చిట్టిబాబు వీణ పెట్టాను. తీగ మీటిన మొదటి క్షణం బాగానే ఉంది, కానీ ఆ నాదం సాగుతున్నకొద్దీ నీళ్ళలో నీడలా వణికింది. గమకం ఎక్కడ అయిపోయిందో, మెషిన్ వణుకు ఎక్కడ మొదలైందో తెలియలేదు. అమ్మ రెండు నిమిషాలు విని, "మీ నాన్న విన్నది ఇది కాదే" అని కిందికి వెళ్ళిపోయింది. దాని సూది రికార్డు మీద మోపే బరువు తర్వాత తూచి చూస్తే 5 గ్రాములు దాటింది. మంచి ప్లేయర్లలో అది 2 గ్రాముల దగ్గర ఉంటుంది. అంత బరువు సూది రికార్డు మీది గాడిని అరగదీస్తుందని తెలిశాక మూడో రికార్డు పెట్టలేదు. దాన్ని పక్కింటి పిల్లలకి ఇచ్చేశాను.

నాకు తెలిసినవాళ్ళు ఒకరు విశాఖలో రిటైరైన లెక్చరర్ గారి గురించి చెప్పారు. ఆయన దగ్గర రెండు పాత టర్న్‌టేబుళ్ళు, గోడ నిండా రికార్డులు ఉన్నాయట. మార్చి 10న గుణుపూర్ నుంచి వచ్చే పాసింజరు ఎక్కి వెళ్ళాను. మా ఊరి నుంచి విశాఖ వెళ్ళేందుకు అన్నిటికన్నా చవక ఆ బండే, కానీ రోజంతా దానికే పోతుంది. మాస్టారు భోజనం పెట్టాకే రికార్డుల గది తలుపు తీశారు.

ఆయన దగ్గరున్నవి బరువైన టేకు దిమ్మలో కూర్చోబెట్టిన గారార్డ్ 401 ఒకటి, స్కాట్లండ్‌లో తయారైన లిన్ సోండెక్ ఎల్‌పీ12 ఒకటి. రెంటికీ నడక వేరు. గారార్డ్‌లో మోటారుకీ, రికార్డు కూర్చునే పళ్ళేనికీ మధ్య ఒక రబ్బరు చక్రం ఉంటుంది, అది పళ్ళెం లోపలి అంచుని పట్టి తిప్పుతుంది. లిన్‌లో మోటారు ఒక మూల ఉంటుంది, అక్కణ్ణుంచి రబ్బరు బెల్టు వస్తుంది. పళ్ళెం, సూది చెయ్యి రెండూ లోపల స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటాయి. వేలితో మెల్లగా నొక్కితే ఉయ్యాలలా పైకీ కిందికీ ఊగి ఆగుతుంది.

మాస్టారు చేసి చూపించినవి రెండు ఇప్పటికీ నా మనసులో ఉన్నాయి. మొదటిది, ఆంప్లిఫయర్ ఆపేసి రికార్డు తిప్పి, "చెవి సూది దగ్గర పెట్టమ్మా" అన్నారు. వంగి పెట్టాను. స్పీకర్లు మూగగా ఉన్నాయి. ఆ సూది మొన దగ్గర్నుంచే, చీమంత గొంతుతో బాలమురళి పాడుతున్నారు. పాటంతా వెంట్రుక కన్నా సన్నటి ఆ గాడి గోడల మీదే ఉందని ఎన్నిసార్లు చదివినా కలగని నమ్మకం అప్పుడు కలిగింది. రెండోది, తిరగకుండా ఆగి ఉన్న రికార్డు మీద సూది దించి, వాల్యూమ్ పెంచి, బల్లని వేలి కణుపుతో కొట్టారు. గారార్డ్ పెట్టిన బల్ల కొడితే స్పీకర్లలో "దబ్" అని మొద్దుగా వినిపించింది. లిన్ బల్ల కొడితే దాదాపు ఏమీ లేదు. "సూదికి గాడి కదలికా తెలుస్తుంది, బల్ల కదలికా తెలుస్తుంది. అది రెంటినీ వేరు చెయ్యలేదు. గాడి తప్ప ఇంకేదీ సూదిని కదిలించకూడదు. ఈ డబ్బంతా, ఈ డిజైన్లన్నీ దానికోసమే" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఒకే వీణ రికార్డుని రెంటి మీదా విన్నాను. గారార్డ్ మీద మృదంగం దెబ్బ ఛాతీకి తగిలింది, ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టు. లిన్ మీద దెబ్బ కాస్త మెత్తబడింది కానీ వెనకాల తంబుర ఎక్కడా తెగకుండా పరుచుకుంది. ఏది గొప్పదో చెప్పమంటే చెప్పలేను. ఫిబ్రవరిలో నా ఇంట్లో విన్నది మాత్రం ఆ రికార్డు కాదని తేలిపోయింది.

ఇంటికొచ్చాక చాలా రోజులు నిద్రపట్టలేదు. లక్ష పైన పెట్టి రికార్డు ప్లేయర్ కొనడం మా ఇంట్లో ఎవరూ చెయ్యని పని. నాలుగేళ్ళ రికరింగ్ డిపాజిట్ ఏప్రిల్‌లో చేతికొస్తుంది. దాన్ని ఇల్లు రిపేరుకని అనుకున్నాం. అమ్మతో చెప్పడానికి పది రోజులు తటపటాయించాను. చెప్పాక ఆవిడ, "ఇల్లు ఇంకో ఏడాది ఆగుద్దిలే. ఆయనకి ఆ కోరిక ఉండిపోయింది" అంది.

ఏప్రిల్ 19 రాత్రి ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాను. తమ్ముడు అక్కడే ఉంటాడు. నాన్న రికార్డుల్లో మూడింటిని రెండు అట్టల మధ్య పెట్టి, తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. మీరు కూడా షాపుకి వెళ్తే మీ రికార్డే పట్టుకెళ్ళండి. షాపుల్లో వినిపించేది ఏ ప్లేయర్ మీదైనా బాగుండే రికార్డు. మనకి ఒళ్ళంతా తెలిసిన పాటలోనే తేడా పట్టుబడుతుంది.

హైదరాబాద్‌లో ప్లేయర్లు అమ్మే షాపులో మూడు గంటలు కూర్చోనిచ్చారు. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1500సీ ముందు విన్నాను. అందులో బెల్టూ లేదు, చక్రమూ లేదు. పళ్ళెమే మోటారులో ఒక భాగం. దాదాపు 10 కిలోల బరువు. వీణ నాదం స్కేలు పెట్టి గీత గీసినట్టు నిలబడింది, రవ్వంత వణుకు లేదు. రికార్డు ఒక పక్క అయిపోగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. సూది నుంచి వచ్చే సిగ్నల్‌ని పెంచి సరిచేసే ఫోనో స్టేజ్ లోపలే ఉంది. నిజం చెప్పాలంటే అక్కడే కొనేసేదాన్ని.

తర్వాత రేగా ప్లానార్ 3. ఒంటి చేత్తో ఎత్తాను. 6 కిలోలే. ఇంత తేలికైన దానికి ఇంత ధరేమిటని అడిగేశాను. షాపబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. బరువుగా చేస్తే వచ్చిన కంపనాన్ని ఆ బరువు దాచుకుని మెల్లగా వదులుతుందని వీళ్ళ వాదన. అందుకే తేలిగ్గా, బిర్రుగా చేస్తారు. గుళ్ళో కంచు గంట కొడితే ఎంతోసేపు గుయ్యిమంటుంది, వెదురు తడిక కొడితే టప్పుమని అక్కడితో ఆగిపోతుంది. నాకు అలా అర్థమైంది. సూది చెయ్యికీ పళ్ళెం ఇరుసుకీ మధ్య మాత్రం గట్టి పట్టీ వేసి బిగించారు. పళ్ళెం అద్దంది, 12 మిల్లీమీటర్ల మందం.

దాని మీద అదే వీణ పెట్టారు. మీటు మొదలు, అంటే గోరు తీగని వదిలిన ఆ క్షణం, అంత స్పష్టంగా ఇంకెక్కడా వినలేదు. దాని తర్వాత తాళం తీగలు విడివిడిగా మోగాయి. రెండు మీట్ల మధ్య ఉన్న నిశ్శబ్దం కూడా వినబడింది. నిశ్శబ్దం వినబడటమేమిటంటే మాటల్లో పెట్టలేను, కానీ నాన్న కళ్ళు మూసుకుని తల పంకించేది సరిగ్గా అలాంటి చోట్లే. ఇంకో గదిలో పది లక్షలు దాటినది ఒకటి ఉంది, బొగ్గుల కుంపటంత పళ్ళెం. అదీ వినిపిస్తామన్నారు. వద్దన్నాను. వింటే ఇంటికెళ్ళాక బాధపడతానని.

కార్ట్రిడ్జ్, అంటే సూదిని పట్టుకుని దాని కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్క, విషయంలో మాత్రం ఊరు చూసుకుని నిర్ణయించుకున్నాను. షాపులో ఆ ప్లేయర్‌కి బిగించి చూపించిన మూడు స్క్రూల కార్ట్రిడ్జ్‌కి సూది విడిగా ఇంట్లో మార్చుకునే వీలు లేదు. పర్లాకిమిడిలో ఉన్నదాన్ని, ప్రతిసారీ మొత్తం పార్సిల్ కట్టి పంపడం కష్టం. అందుకని ఆర్టోఫాన్ 2ఎమ్ బ్లూ తీసుకున్నాను. సూది అరిగితే పాతది లాగేసి కొత్తది తగిలించుకోవచ్చు. అయితే ఆ కార్ట్రిడ్జ్ కాస్త ఎత్తు, రేగా చెయ్యి ఎత్తు మార్చడానికి మర ఏదీ ఉండదు. చెయ్యి అడుగున 2 మిల్లీమీటర్ల రేకు వెయ్యాలి. ఇది ముందే అడిగి వేయించుకోండి. మా షాపువాళ్ళు ఆ రేకు బిగించే పంపారు.

ప్లేయర్, కార్ట్రిడ్జ్, విడిగా ఫోనో స్టేజ్, మూడూ కలిపి రూ. 1,46,000. ఏప్రిల్ 21న సగం కట్టాను. నాలుగు వారాలన్నారు. మే అయిపోయింది. జూన్ 10న ఫోన్ చేస్తే ఇంకా పోర్టులో ఉందన్నారు. జూన్ 24న అడిగితే అదే మాట. డబ్బు పోయిందేమోనని అప్పుడు బాగా టెన్షన్ పడ్డాను. మొత్తానికి జులై 3న వచ్చింది, 73 రోజులకి.

అదీ మా ఊరికి కాదు, పాతపట్నానికి. మా పిన్‌కోడ్‌కి అద్దం సామాను ఇన్సూరెన్స్‌తో పంపే కొరియర్ వాళ్ళకి దొరకలేదు. పాతపట్నం ఆంధ్రా పిన్‌కోడ్. అక్కడ మా చిన్నాన్న గారబ్బాయికి మందుల షాపు ఉంది, వాడి చిరునామా ఇచ్చాను. సరిహద్దు ఊళ్ళలో ఉండేవాళ్ళందరికీ ఇది అలవాటే. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చుకున్నాను. గోతులొచ్చినప్పుడల్లా డ్రైవరుని "మెల్లగా బాబూ" అంటూనే ఉన్నాను.

తెరిచేటప్పుడు వీడియో తీశాను, అదే కాపాడింది. అద్దం పళ్ళెం చెక్కుచెదరలేదు కానీ పైమూత ఒక మూల పగిలి ఉంది. వీడియో పంపితే కొత్త మూత ఉచితంగా పంపారు, 24 రోజుల తర్వాత. అంతవరకు పాత పట్టుచీర ముక్క కప్పాం.

కార్ట్రిడ్జ్ నేనే బిగించుకున్నాను. ఒక పగలంతా పట్టింది. చెయ్యి చివర చీపురుపుల్లకన్నా సన్నటి నాలుగు తీగలుంటాయి. తెలుపు, నీలం ఎడమ ఛానెల్‌వి, ఎరుపు, ఆకుపచ్చ కుడి ఛానెల్‌వి. పట్టకారుతో ఒక్కొక్కటీ కార్ట్రిడ్జ్ వెనక పిన్నుకి తొడగాలి. చేతులు వణుకుతుంటే మధ్యలో లేచి టీ తాగి వచ్చాను. సూది బరువు 1.8 గ్రాములు ఉండాలి. రూ. 850కి చిన్న డిజిటల్ త్రాసు దొరికింది, అది తప్పకుండా కొనండి. తర్వాత ప్రొట్రాక్టర్ అనే గీతల అట్ట మీద సూది పెట్టి, కార్ట్రిడ్జ్‌ని గీతకి సమంగా తిప్పాలి. మొదటిసారి కొంచెం వంకర పోయింది. రికార్డు పక్క మొదట్లో అంతా బాగుండి, చివరి పాటకొచ్చేసరికి ఘంటసాల గొంతులో ప్రతి "స"కారమూ బుస కొట్టింది. రికార్డు అంచు దగ్గర గాడి సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు సూది కింద పరిగెడుతుంది. లోపలికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంతే పాట అంతకన్నా తక్కువ జాగాలో ఇరుకుగా ఉంటుంది కాబట్టి, ఏ కొంచెం వంకరున్నా లోపలి పాటలో బయటపడుతుంది. మళ్ళీ విప్పి, భూతద్దం పెట్టి సరిచేశాక బుస చాలావరకు పోయింది.

ఫోనో స్టేజ్ ఎందుకో చూద్దామని ఒకసారి అది లేకుండా నేరుగా ఆంప్‌కి పెట్టాను. దోమ పాడినట్టు వినిపించింది. రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. ఆ లెక్కని తిరగేసి సరిచేసేదీ, సూది నుంచి వచ్చే కాసిన్ని మిల్లీవోల్టులని పెంచేదీ ఈ చిన్న పెట్టే.

జులై 6 సాయంత్రం అసలు రికార్డు పెట్టాం. అమ్మ కొత్త చీర కట్టుకుని పైకొచ్చింది. సూది దించాను. వీణకి ముందు "మ్‌మ్‌మ్" అని ఒక హోరు. వీణ వెనకాలా అదే హోరు. అది చాలదన్నట్టు అమ్మ కుర్చీ జరుపుకోవడానికి లేచి రెండడుగులు వేసిందో లేదో, సూది ఎగిరి నాలుగు గాళ్ళ అవతల పడింది. ఆవిడ అక్కడే ఆగిపోయింది. "ఏటే ఇది, నడవకూడదా?" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. లక్షన్నర, ఆర్నెల్లు, ఇదా చివరికి.

రెండు బాధలూ విడివిడివి. హోరు సంగతి ముందు తేలింది. ఈ ప్లేయర్‌కి విడిగా అర్త్ తీగ ఉండదు, సిగ్నల్ తీగ పైతొడుగే ఆ పని చేస్తుంది. అది తెలియక ఒక సాయంత్రమంతా పెట్టెలో ఆ తీగ కోసం వెతికాను. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గులో టెస్టరు పెట్టి, "మేడమ్, అర్థింగ్ నాహీ" అన్నాడు. మాది తాతల నాటి ఇల్లు, మూడు రంధ్రాల ప్లగ్గులున్నా మూడో దానికి తీగే లేదు. ఆంప్ మీద చెయ్యి వేస్తే జివ్వుమనేది అందుకేనట. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, పైపు దింపి, మేడ దాకా తీగ లాగారు. మూడు రోజులు, రూ. 7,400. హోరు ముప్పాతిక పోయింది. మిగిలింది ఎందుకో అర్థం కాక మాస్టారికి ఫోన్ చేస్తే, ఫోనో స్టేజ్ ఎక్కడ పెట్టావని అడిగారు. ఆంప్ మీద. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దూరంగా పెట్టమన్నారు. రెండడుగులు పక్కకి జరిపేసరికి పూర్తిగా పోయింది. పైసా ఖర్చు లేదు.

రెండోది ఇల్లు. మేడ మీద గది నేల టేకు దూలాల మీద పరిచిన చెక్క. మేం పుట్టినప్పటి నుంచీ దాని మీద నడుస్తున్నాం, అది ఊగుతుందని ఎప్పుడూ గమనించలేదు. సూది గమనించింది. సూది, దాని చెయ్యి కలిసి సెకనుకి ఓ పదిసార్లు ఊగే స్వభావంతో ఉంటాయి. చెక్క నేల మీద అడుగుల ఊపు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఒకరు ఊయల ఊగుతుంటే సరిగ్గా ఆ లయలోనే ఇంకొకరు తోసినట్టన్నమాట. బల్ల కింద రబ్బరు ముక్కలు పెట్టాను. టెన్నిస్ బంతులు కోసి పెట్టాను. గ్రానైట్ పలక పెట్టాను. బరువు పెరిగినకొద్దీ నేల ఇంకా ఊగింది. లిన్ లాంటి స్ప్రింగులది కొని ఉంటే బాగుండేదా అని మాస్టారిని అడిగాను. "అదీ ఊగే నేల మీద ఎగురుతుందమ్మా. నేల వదిలెయ్. గోడకి పెట్టు" అన్నారు.

కిందికి మార్చొచ్చు కదా అని మీరు అనొచ్చు. కింద గదిలోకి వర్షాకాలం చెమ్మ ఎక్కుతుంది. పైగా ఇది నాన్న గది.

ఆగస్టు 2న గోడకి డ్రిల్లు వేశాం. ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ తిప్పితే సున్నం పొడిపొడిగా రాలి, స్క్రూ చేతిలోకి వచ్చింది. తాపీ మేస్త్రీ వచ్చి గోడని అరచేత్తో తట్టి చూశాడు. "అమ్మా, ఇది గానుగ సున్నం గోడ. రెండడుగుల మందం. గోడకి ఢోకా లేదు గానీ స్క్రూ ఆగదు. ఇనుము పాతాల" అన్నాడు. తొమ్మిదంగుళాల లోతు రెండు కన్నాలు కొట్టి, వెల్డింగు షాపులో చేయించిన యాంగిల్ ఇనుములు దింపి, చిన్న కంకరతో సిమెంటు కూరాడు. పది రోజులు పొద్దునా సాయంత్రం తడిపాం. దాని మీద వడ్రంగి మందపాటి టేకు పలక వేశాడు. అది మా పాత ధాన్యం కొట్టు తలుపు చెక్క. రసమట్టం పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా సన్నటి రేకు ముక్కలు దూర్చి, సరి అన్నాడు. ఇనుము, కూలి అంతా కలిపి రూ. 9,600.

వర్షాల వల్ల సిమెంటు ఆలస్యంగా ఆరడం, వడ్రంగి ఊళ్ళో లేకపోవడం కలిసి పని సెప్టెంబరు 4 దాకా సాగింది. ఆ రోజు మాస్టారు చేసినట్టే చేశాను. ఆగి ఉన్న రికార్డు మీద సూది దించి, వాల్యూమ్ పెంచి, నేల మీద కాలితో గట్టిగా తన్నాను. స్పీకర్లలో ఏమీ లేదు. మళ్ళీ తన్నాను. కింద నుంచి అమ్మ "ఏమైంది" అని కేకేసింది. పైకి రమ్మన్నాను. రికార్డు తిరుగుతోంది. ఆవిడ గడప దగ్గరే ఆగి నా మొహం కేసి చూసింది. రెండు నెలలుగా ఈ గదిలో పాట పెడితే ఆవిడ మంచం మీంచి కాలు కింద పెట్టలేదు. "రా అమ్మా, నడువు" అన్నాను. ఒక్కొక్క అడుగే వేస్తూ కిటికీ దాకా వెళ్ళింది, వెనక్కి తిరిగి ఇంకాస్త గట్టిగా అడుగులేస్తూ వచ్చింది. వీణ ఎక్కడా తొట్రుపడలేదు.

ఇంకా కొన్ని చిన్న సంగతులున్నాయి. 45 రికార్డు వెయ్యాలంటే ఈ ప్లేయర్‌లో అద్దం పళ్ళెం ఎత్తి, కింద బెల్టుని చేత్తో మోటారు కప్పీ మీద పెద్ద మెట్టుకి మార్చాలి. అలా మార్చే పని లేకుండా బటన్‌తో వేగం మారేందుకు విడిగా పెట్టె దొరుకుతుంది, నేను కొనలేదు. కరెంటు పోయి ఇన్వర్టరు మీదికి మారితే మా ఇంట్లో మోటారు గుర్రుమంటుంది, అప్పుడు రికార్డు ఆపేస్తాను. రికార్డుల మీద తెల్లటి బూజు ఉంటే బ్యాటరీ నీళ్ళలో, అదే డిస్టిల్డ్ వాటర్‌లో, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి తుడవాలి, అడ్డంగా కాదు. దీనికి రూ. 1,900 అయింది. ఇది ఎల్‌పీల్లాంటి వినైల్, అంటే ప్లాస్టిక్, రికార్డులకి మాత్రమే. లక్క రికార్డుకి ఆల్కహాల్ తగిలితే లక్క కరుగుతుంది. నేను సీసా చేతిలో పట్టుకుని ఒకదాని మీద ఒంపబోయాను. వడ్రంగి లక్క పాలిషు స్పిరిట్‌లో కలుపుతుండటం ఆ వారమే చూశాను కాబట్టి చెయ్యి ఆగింది.

మొత్తం లెక్క వేస్తే రూ. 1,75,250. ఇందులో ఫిబ్రవరి నాటి ప్లేయరూ, రూ. 5,200 హైదరాబాద్ ప్రయాణమూ ఉన్నాయి. ఆంప్, స్పీకర్లు తమ్ముడి పాతవి. ప్లేయర్ ధర ఎంతో అందరూ చెప్తారు. గోడకీ గొయ్యికీ అయిన పదిహేడు వేలు ఎవరూ చెప్పలేదు. అవి లేకపోతే మిగతా డబ్బంతా దండగయ్యేది.

లక్క రికార్డులు మిగిలిపోయాయి. అవి నిమిషానికి 78 చుట్లు తిరగాలి, ఈ ప్లేయర్‌లో 33, 45 మాత్రమే ఉన్నాయి. పైగా వాటి గాడి వెడల్పు, ఎల్‌పీ సూది అడుగుకంటా దిగిపోయి మట్టిలో దొర్లుతుంది. కొనేటప్పుడు ఇది నాకు తట్టలేదు. మాస్టారి గారార్డ్‌లో 78 ఉంది, దానికి తగిన లావు సూదీ ఆయన దగ్గర ఉంది. నవంబరు 10న తొమ్మిది రికార్డులూ బియ్యం డబ్బాలో నిలబెట్టి, మధ్యమధ్య గుడ్డలు కుక్కి, అమ్మతో కలిసి విశాఖ వెళ్ళాను.

వాటిలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ ఉంది. కవరు లేదు. దాని అంచు నుంచి వేలెడు పొడుగున పగులు. మాస్టారు పట్టి చూసి, సూదికి ప్రమాదం లేదన్నారు. పెట్టారు. చుట్టుకొకసారి "టక్, టక్" అని ఆ పగులు, సెకనుకి ఒకటి కన్నా కాస్త ఎక్కువగా, దాని వెనకాల ఆ వయొలిన్. నేను ఆ టక్కుని మనసులోంచి తీసేసి వినే ప్రయత్నం చేస్తున్నాను. అమ్మ దాన్నే వింటోంది.

"మా పెళ్ళైన ఏడాది" అంది మాస్టారితో, "నా చేతిలోంచే జారింది. ఆయన ఒక్క మాట అనలేదు బాబూ."

మాస్టారు రికార్డు అయిపోయాక సూది ఎత్తి మళ్ళీ మొదటికి పెట్టారు.